డాక్టర్ గారూ, నవ్వకండి

పొద్దున్నే టీచర్ చెప్పిన కథకి ఆమె మొగుడికి టీ పొలమారింది.

"రివర్స్ గేరు వెయ్యండి సార్ అన్నాను. వేశాడు. వెనక్కి చూడండి అన్నాను. మెడ తిప్పి బుద్ధిగా చూశాడు. 'ఎవరూ రావడం లేదు మేడమ్' అన్నాడు. సరే, పోనివ్వండి అన్నాను. పోనిచ్చాడు. తీరా చూస్తే ఆయన వేసింది ఫస్టు గేరు! ఇద్దరం వెనక్కి చూసుకుంటూ ముందుకి పోయాం. ఎదురుగా ఉన్న పూలకుండీ ఒక్కటే మా ఇద్దర్నీ చూసింది."

అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వారు. కళ్ళజోళ్ళ కొట్టాయన, అంటే టీచర్ మొగుడు, దగ్గుతూనే నవ్వాడు. కాలేజీకి తయారై కూర్చున్న కూతురు బుజ్జి కూడా ఫోను పక్కన పెట్టి నవ్వింది. ఆ పూలకుండీకి టీచర్ తన జేబులోంచే డబ్బు కట్టిందనీ, ఇంటికొచ్చేటప్పటికి ఆమెకి నిలబడే ఓపిక కూడా లేదనీ ఎవరికీ తెలియదు. అవి కథలో లేవు మరి.

ఆమె డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. వీధిలో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం ఆమే నేర్పింది కాబట్టి అందరికీ కారు టీచర్. ఇంట్లో మొగుడు కూడా "టీచరూ" అనే పిలుస్తాడు. మొదట వేళాకోళానికి మొదలుపెట్టాడు, తర్వాత అదే అలవాటైపోయింది.

ఆ ఇంట్లో ఒక రూలుంది. తిండి బల్ల దగ్గర ఎవరూ ఏడవకూడదు, మొహం మాడ్చుకోకూడదు. కష్టం చెప్పుకోవచ్చు, కాకపోతే నలుగురూ నవ్వేలా చెప్పాలి. అత్తగారు ఎప్పుడో పెట్టిన రూలు అది. కోడలిగా వచ్చిన కొత్తలో టీచర్‌కి ఇది భలే నచ్చింది. పుట్టింట్లో అందరూ గొంతులు చించుకుని అరుచుకునేవాళ్ళు, ఇక్కడ అందరూ నవ్వుకునేవాళ్ళు. కొన్నాళ్ళకే ఆ విద్యలో అత్తగారినే మించిపోయింది. తన తండ్రి పోయినప్పుడు కూడా, చివరి రోజుల్లో ఆయన ఆస్పత్రి నర్సుతో పెట్టుకున్న తగాదాని అభినయించి మరీ అందరి కడుపులూ చెక్కలు చేసింది. గుండె దిటవుగల పిల్ల అని అందరూ మెచ్చుకున్నారు.

ఆ పొద్దున బుజ్జి బస్సుకోసం కిందికి దిగేసరికి, అరగంట క్రితం వెళ్ళిపోయిన తల్లి కారులోనే ఉంది. ఇంజను ఆపేసి ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని ఎదుటి గోడవైపు చూస్తోంది. బుజ్జి అద్దం మీద తడితే ఉలిక్కిపడింది.

"ఏంటమ్మా, ఇంకా వెళ్ళలేదా?"

"కారుకి ఇవాళ మూడ్ బాగాలేదే. బతిమాలుతున్నాను."

బుజ్జి చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చుంది. దగ్గరగా చూస్తే తల్లి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కారుకా, నీకా?"

టీచర్ వెంటనే ఏదో హాస్యం అందుకోబోయింది కానీ పొద్దున టీ దగ్గరే ఉన్నదంతా ఖర్చయిపోయినట్టుంది. మెల్లగా చెప్పింది.

"వానలు మొదలైనప్పట్నుంచీ ఇలాగే ఉందే. ఎవరూ ఏమీ అనలేదు, ఏదీ పోలేదు. అయినా లేవగానే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. తెల్లారకుండానే మెలకువొచ్చేస్తుంది. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనిలా ఉంటోంది. మొన్న ఒకబ్బాయికి పార్కింగ్ నేర్పుతూ ఏడ్చేశాను. తన డ్రైవింగ్ చూసే ఏడుస్తున్నాననుకుని సారీ చెప్పాడు పాపం. మర్నాడు చాక్లెట్లు తెచ్చాడు."

బుజ్జికి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"డాక్టర్ దగ్గరికి వెళ్దాం పద."

"వెళ్ళొచ్చానే పోయిన వారం, వీధి చివర క్లినిక్‌కి."

"ఏమంది?"

"'మీలాంటి పేషెంట్ రోజుకొకరు వస్తే నాకు అలసటే తెలీదండీ' అంది. బలం మాత్రలు రాసిచ్చింది."

"అసలు నువ్వేం చెప్పావు?"

"నిద్ర పట్టట్లేదన్నాను. ఎందుకు పట్టట్లేదండీ అంది. మీ నాన్న గురక గురించి చెప్పాను. అనుకరించి చూపించాను కూడా. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత... నవ్వాక ఇంకేం చెప్తావే? బాగోదు కదా."

బుజ్జి తల పట్టుకుంది. డాక్టర్ దగ్గర జబ్బుని దాచిపెట్టేవాళ్ళని చూసింది కానీ, డాక్టర్‌ని నవ్వించి జబ్బుతోనే తిరిగొచ్చిన మనిషిని ఇప్పుడే చూస్తోంది.

"మా స్కూల్లో ఇంకో టీచరుంది. ఆవిడకీ ఇలాగే ఉండేదట. మనసుకి మందు వాడింది, ఇప్పుడు బాగుంది. నాకూ అడగాలనుంది. అడగాలా వద్దా అని రోజూ ఇక్కడ కూర్చుని ఆలోచిస్తున్నాను. మీ నాన్న ఏమంటారో. నేను పిచ్చిదాన్నయిపోయాననుకుంటారేమో."

"నాన్నకి చెప్దాం. ఆదివారం భోజనాల దగ్గర నేను చెప్తాను."

"బల్ల దగ్గరా?" అంది టీచర్ భయంగా. ఆ భయం చూసి బుజ్జికి మొదటిసారి ఆ బల్ల మీద కోపం వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం వడ్డన అయ్యాక బుజ్జి గొంతు సవరించుకుని ఉన్న సంగతంతా చెప్పేసింది. నవ్వొచ్చే ముక్క ఒక్కటి కూడా లేకుండా చెప్పింది. బల్ల దగ్గర అలాంటి మాటలు విని ఎన్నేళ్ళయిందో ఏమో, ముగ్గురూ కంచాల్లో చేతులు పెట్టుకుని ఉండిపోయారు.

ముందుగా తేరుకున్నది కళ్ళజోళ్ళాయన.

"మందులా? మీ అమ్మకా? వీధి వీధంతా నవ్వించే మనిషికి మనసు బాగోలేకపోవడమేంటే?" భార్యవైపు తిరిగాడు. "నీకేం లోటు చెప్పు? నేనేమన్నా అన్నానా? అమ్మేమన్నా అందా?"

"ఎవరూ ఏమీ అనలేదండీ."

"మరింకేంటి? నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళొద్దాం. లేదంటే పొద్దున్నే నాతో నడకకి రా. ఆ మాత్రలు ఒకసారి మొదలుపెడితే ఇంక జన్మలో వదలవట. అవి లేందే కాలు కదపలేమట. ఎందుకొచ్చిన గొడవ?"

టీచర్ నోరు ఊరుకోలేదు. "నడకకి మీతో వస్తే మీరు నా వెనకాల ఆటోలో రావాల్సి వస్తుంది" అంది. అతను నవ్వేశాడు. అత్తగారు కూడా నవ్వారు. గండం గడిచినట్టు అందరూ మళ్ళీ కంచాలవైపు చూశారు.

"అమ్మా, ఆపు!" బుజ్జి అరిచింది. "ఇదిగో, ఇలాగే. ఇలా నవ్వించే నువ్వు మందు లేకుండా ఇంటికొచ్చావు."

"గొంతు తగ్గించవే, బల్ల దగ్గర..." అంటూ అత్తగారు మొదలుపెట్టారు.

"బల్ల సంగతి తర్వాత నానమ్మా. నాన్నా, కొట్టుకొచ్చి జోడు వద్దనేవాళ్ళకి నువ్వేం చెప్తావు?"

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"నేను చెప్తాను విను. పదేళ్ళ నుంచీ సెలవుల్లో ఆ కౌంటర్ వెనకాల కూర్చుని వింటున్నాను." బుజ్జి లేచి నిలబడి, లేని జోడుని ముక్కు మీదికి తోసుకుని, అచ్చం తండ్రి గొంతుతో మొదలుపెట్టింది. "'అలవాటైపోతుందని భయపడకండమ్మా. జోడు పెట్టుకుంటే కళ్ళు పాడవవు. పెట్టుకోకపోతే మీ మోకాళ్ళూ, ఎదుటివాళ్ళ గోడలూ పాడవుతాయి. కనిపించకపోవడం మీ తప్పు కాదు, కనిపిస్తోందని బుకాయించడం మాత్రం తప్పు.' ఇంకా చెప్పనా?"

కళ్ళజోళ్ళాయన మొహం ఎర్రబడింది. "కళ్ళూ మనసూ ఒకటా? పెద్ద మాట్లాడొచ్చావు" అని కంచం ముందునుంచి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో భోజనం మధ్యలో మనిషి లేచిపోవడం అదే మొదలు.

టీచర్ గబగబా గిన్నెలు సర్దుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడుస్తోంది. అదొక పద్ధతి ప్రకారం వస్తున్న ఏడుపని, అది ఇవాళే మొదలవలేదని వెనకాల వచ్చిన అత్తగారికి అర్థమైంది. ఆవిడ చెయ్యి చాపి కుళాయి కట్టేశారు.

"ఎంతకాలం నుంచి ఇలా?"

"క్షమించండి అత్తయ్యా. అనవసరంగా అందరి భోజనాలూ..."

"భోజనాలు చల్లారితే వేడి చేసుకుంటాం. కూర్చో." కోడలిని స్టూలు మీద కూర్చోబెట్టి తను గట్టుకి ఆనుకున్నారు. "ఆ రూలు నేనెందుకు పెట్టానో నీకెప్పుడైనా చెప్పానా? మీ మావయ్య పోయినప్పుడు నీ మొగుడు ఇంతుండేవాడు. నేను ఏడిస్తే ముద్ద మానేసేవాడు. వాడి కడుపు మాడకుండా ఉండాలని బల్ల దగ్గర నవ్వడం నేర్చుకున్నాను. వాడు అన్నం తినేదాకానే అనుకున్నాను అమ్మాయ్. వాడు తినడం మొదలుపెట్టాక రూలు తీసేయాలని తోచలేదు. నా బుర్రకి అంతే అందింది."

"మీరెలా తట్టుకున్నారు అత్తయ్యా?"

"తట్టుకున్నానో లేదో నాకే తెలీదు. అప్పట్లో వాడు స్కూల్లో ఏం చదివాడో, నేనేం వండానో ఒక్కటీ గుర్తు లేదు. గుడ్డిగా నడిచిపోయాను. మందుందని ఎవరైనా చెప్పుంటే వేసుకునేదాన్నే. నువ్వూ నాలాగే గుడ్డిగా నడవడం దేనికి? నేనే నీకిది నేర్పాను. నా పాపం కూడా ఉంది ఇందులో."

టీచర్ ఆవిడ నడుము చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. ఈసారి చప్పుడవుతుందేమోనని చూసుకోలేదు. అత్తగారు కోడలి తల నిమురుతూ గుమ్మంవైపు చూసేసరికి, అక్కడ కొడుకు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"అలా గుడ్లప్పగించి చూడకపోతే లోపలికి రారా" అన్నారావిడ. "పెళ్ళాం ఏడుస్తుంటే గుమ్మంలో నిలబడే సంబడం ఒకటి." అని తను బయటికి నడిచారు.

కళ్ళజోళ్ళాయన వచ్చి నేల మీదే కూర్చున్నాడు.

"ఎలా ఉంటుంది?" అన్నాడు.

"హ్యాండ్‌బ్రేకు వేసున్న బండిని రోజంతా నడిపినట్టుంటుంది. బండి పోతూనే ఉంటుంది, పైకి ఎవరికీ తెలీదు. లోపల మాత్రం మాడిపోతూ ఉంటుంది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. మీరు నవ్వారు."

ఆ మాటలో కోపం లేదు. అందుకే అతనికి ఎక్కువ తగిలింది. ఏ రోజు చెప్పిందో, ఏ కథ చివర ఇరికించి చెప్పిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. కథలన్నీ గుర్తున్నాయి. ఆమె చెప్పిన ఆ ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"నాకు భయంగా ఉంది" అన్నాడు. "అలవాటైపోతుందని కాదు. అదేదో నోటికొచ్చింది అన్నాను. ఆ మందు వేసుకున్నాక నువ్వు నువ్వులా ఉండవేమో అని. కొట్టు కట్టేసి ఇంటికొచ్చేది నీ కబుర్ల కోసమే కదా. అవి పోతే?"

టీచర్ అతని వంక చూసింది. "నాకూ ఆ భయం ఉంది. కానీ ఇప్పుడు ఆ కబుర్లు చెప్తున్నది నేను కాదండీ. నా నోరు చెప్తోంది, అంతే. నేను పక్కన కూర్చుని ఎప్పుడైపోతుందా అని చూస్తుంటాను."

అతను తల దించుకున్నాడు. ఒప్పుకున్నాడని కాదు. డాక్టర్ దగ్గరికి తనూ వస్తానన్నాడు. "ఆవిడ అక్కర్లేదంటే మాత్రం వద్దు, సరేనా?" అన్నాడు. సరేనంది టీచర్. కానీ ఆమె భయమల్లా వేరు. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చున్నాక తన నోరు తన మాట వింటుందా అని.

రెండ్రోజుల తర్వాత క్లినిక్ తలుపు తోసుకుని వెళ్ళేసరికే డాక్టరమ్మ మొహం విప్పారింది. బుజ్జి కంటే పదేళ్ళు పెద్దదై ఉంటుందేమో, అంతే.

"మీరా! రండి రండి. పొద్దున్నుంచి దగ్గులూ జ్వరాలతో బుర్ర వాచిపోయింది. వీరేనా, గురక?"

"వీరే అండీ" అంది టీచర్. "ఒరిజినల్. మీరు విన్నది ట్రైలరే."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "బలం మాత్రలు పనిచేశాయా?"

"బ్రహ్మాండంగా. బలం వచ్చింది. ఆ బలంతో నిద్ర పట్టకుండా పొర్లుతున్నాను."

డాక్టరమ్మ మళ్ళీ నవ్వింది. టీచర్ కూడా నవ్వుతోంది. కానీ ఒళ్ళో ఉన్న ఆమె చేతులు బ్యాగు పట్టీని మెలిపెడుతున్నాయి. ఇంకాస్తయితే ఆ పట్టీ తెగిపోయేలా ఉంది. ఆపాలనుకుంటోంది, ఆగడం లేదు. ఏటవాలులో బ్రేకు దొరకని బండిలా నోరు దానంతటది పోతోంది. పక్కనున్నాయన ఆ చేతులవైపు చూశాడు. ఎన్నో ఏళ్ళుగా ఆమె నోటివైపే చూశాడు కానీ చేతులవైపు ఎప్పుడూ చూడలేదు.

"అంతేకాదండీ, మొన్న..." అంటూ టీచర్ ఇంకో కథ అందుకుంది.

"డాక్టర్ గారూ, నవ్వకండి."

ఇద్దరూ అతనివైపు తిరిగారు.

"దయచేసి నవ్వకండి. ఆమె నవ్విస్తుంది. మేమందరం నవ్వుతూనే ఉన్నాం, అందుకే సంగతి ఇక్కడిదాకా వచ్చింది. ఒక్కసారి నవ్వకుండా వినండి. నేనూ వింటాను."

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"పోయినసారి అడగాల్సినవి నేను అడగలేదు, సారీ అండీ. ఇప్పుడు చెప్పండి. నెమ్మదిగానే చెప్పండి."

టీచర్ నోరు తెరిచింది. నిద్ర గురించి, ఆకలి గురించి, గోడవైపు చూస్తూ కారులో కూర్చోవడం గురించి, కుళాయి చప్పుడు గురించి చెప్పింది. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. ప్రాణం తీసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా అడిగింది.

"లేదండీ. అలా అనుకోలేదు. కానీ రాత్రి పడుకునేటప్పుడు... రేపు పొద్దున లేవకపోతే బాగుండునని అనిపించింది. రెండు మూడుసార్లు."

కళ్ళజోళ్ళాయన ఆమెవైపు జరిగాడు. మెలిపడ్డ బ్యాగు పట్టీలోంచి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి తన చేతిలోకి తీసుకున్నాడు.

డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పింది. ముందు థైరాయిడ్‌కీ, రక్తం తక్కువుందేమోనని చూడటానికీ పరీక్షలు చేద్దామంది. కౌన్సెలింగ్‌కి ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పింది. లేవకపోతే బాగుండునన్న ఆలోచన మళ్ళీ వచ్చినా, పెరిగినా ఏ వేళైనా సరే ఎవరికో ఒకరికి చెప్పాలని మాట తీసుకుంది. మందు సంగతికొచ్చేసరికి కళ్ళజోళ్ళాయన ముందుకి వంగాడు.

"దీనికి మంత్రంలా పనిచేసే మందు లేదండీ. తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కాస్త వికారంగా, మత్తుగా ఉండొచ్చు. మత్తుంటే ఆ రోజుల్లో బండి నడపొద్దు. మీ అంతట మీరు ఆపకూడదు. కొన్ని నెలలు బాగున్నాక నేనే మెల్లగా తగ్గిస్తాను. చాలామంది ఆపేస్తారు, కొందరికి ఎక్కువకాలం కావాలి."

"నవ్వించడం... మానేస్తుందా?" అన్నాడతను. అడిగాక సిగ్గుపడ్డాడు.

"మనిషి మారిపోవడానికి ఇచ్చే మందు కాదండీ. ఒకవేళ మొద్దుబారినట్టు అనిపిస్తే నాకు చెప్పండి, మారుద్దాం. కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టి కొన్నాళ్ళు చూడొచ్చు, లేదా రెండూ కలిపి మొదలుపెట్టొచ్చు." డాక్టరమ్మ కలం పక్కన పెట్టి టీచర్‌వైపు చూసింది. "మీకేం కావాలి?"

టీచర్ అలవాటుగా మొగుడివైపు చూసింది. అతను ఏదో అనబోయాడు. అనకుండా పెదవులు బిగించుకుని, నన్ను కాదు, నిన్నే అడుగుతున్నారన్నట్టు గడ్డంతో సైగ చేశాడు.

ఏం కావాలి? చీర కావాలా, సినిమాకెళ్దామా, భోజనంలోకి ఏం చెయ్యమంటావు అని ఇంట్లో అందరూ అడుగుతూనే ఉన్నారు. ఏదైనా ఒకటేలే అంటూ వచ్చింది. అనడం కాదు, నిజంగానే ఏదీ కావాలనిపించక ఎన్నాళ్ళయిందో. ఇప్పుడు మాత్రం లోపల ఎక్కడో ఒకటి కావాలనిపించింది. సన్నగా ఉంది కానీ ఉంది.

"మందు కావాలండీ" అంది. "నాకు కావాలి. మామూలుగా నిద్ర లేవాలనుంది."

చివర హాస్యం తోక తగిలించలేదు. ఎవర్నీ నవ్వించలేదు. మాట పూర్తవగానే కన్నీళ్ళు జలజలా రాలాయి.

డాక్టరమ్మ బల్ల మీదున్న కాగితపు రుమాళ్ళ డబ్బాని ముందుకి జరిపింది. కళ్ళజోళ్ళాయన గబుక్కున అందుకుని నాలుగు లాగాడు. ఆమెకి ఇస్తాడనుకున్నారు ఇద్దరూ. అతను ముక్కు చీదుకుని, తన జోడు తీసి, ఆ కాగితంతోనే దాని అద్దాలు బరబరా తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కాగితం పెట్టి తుడిస్తే అద్దాలు గీసుకుపోతాయని కొట్టుకొచ్చిన వాళ్ళందరి మీదా ఒంటికాలి మీద లేచే మనిషి! ఎంత తుడిచినా మసగ్గానే ఉందని విసుక్కుంటున్నాడు. తడి తన కళ్ళల్లో ఉందని అతనికి తోచలేదు.

"ఏమండీ, అద్దాల్లో లేదు" అంది టీచర్.

ఏడుస్తూనే నవ్వింది. సన్నగా, వంకరగా, ముక్కుతో కలిసి వచ్చిన నవ్వు. ఎవరికోసమూ నవ్వింది కాదు, నవ్వొచ్చి నవ్వింది. అతను జోడు చేత్తో పట్టుకుని, మసకమసగ్గా కనిపిస్తున్న ఆ మొహాన్ని చూస్తూ ఉండిపోయాడు. నవ్వాలా వద్దా అని డాక్టరమ్మ అతనివైపు చూసింది.

"ఇప్పుడు నవ్వొచ్చండీ" అన్నాడు అతను.